విడిదిలో రెండు రాత్రులు

ప్రత్తి యేరుట ముగిసి, కందులు ఇల్లు చేరిన పిమ్మట మిడుతూరు ప్రాంతపు రైతు కుటుంబమునకు ఏడాదిలో ఒకసారి కొంచెము వెసులుబాటు కలుగును. పిల్లలకు సంక్రాంతి సెలవులుండును. చేతిలో నాలుగు డబ్బులాడును. పూర్వము అట్టివేళ మహానందికో, అహోబిలమునకో, శ్రీశైలమునకో పోయి, సత్రములో ఒక రాత్రి పండుకొని, మరునాటికి ఇల్లు చేరెడివారు. ఇప్పుడు ఆ పేర్ల ప్రక్కన ‘రిసార్టు’ అను క్రొత్తమాట వచ్చి చేరినది. కొబ్బరిచెట్లు, అరటిపొదలు, పూరికప్పు కుటీరములు, నడుమ నీలిరంగు పలకలు పరచిన ఈతకొలను, రెండు చెట్ల నడుమ కట్టిన ఊయల. ఇట్టి బొమ్మను చూపి, ‘ఉష్ణమండల విహారము’ అని పేరు పెట్టి, దినమునకు వేల రూపాయలు అడుగుచున్నారు. ఇచ్చుట తప్పని మేమనము. కాని సొమ్మిచ్చి అలసటను కొనుక్కొని వచ్చినవారిని పెక్కుమందిని చూచితిమి. ఒకప్పుడు మేమును అట్లే కొని తెచ్చుకొంటిమి. కావున అట్టి విడిదిలో బస చేయువారు తమ సొమ్మునకు తగిన సుఖమును పొందు ఉపాయమేమో ఇక్కడ విచారింతము.

మొదట ఆ పేరునే పరిశీలింతము. భూగోళముమీద కర్కాటకరేఖకును మకరరేఖకును నడుమనున్న భాగమును ఉష్ణమండలమందురు. భూమధ్యరేఖకు ఇరుప్రక్కల ఇంచుమించు 23½ డిగ్రీలవరకు అది వ్యాపించియున్నది. మిడుతూరు ఉత్తర అక్షాంశము 16 డిగ్రీలకు అటునిటుగా నున్నది. అనగా మనము పుట్టినది, పెరిగినది, పంటలు పండించుకొనుచున్నది ఉష్ణమండలములోనే. మన పెరటిలోని మునగచెట్టు, వీధిలోని వేపచెట్టు, బావిగట్టుననున్న అరటిపిలక, ఇవన్నియు ఉష్ణమండలపు సంపదయే. మరి మన యింటిలో నున్నదానినే మనకు అమ్మజూపుట ఏమి?

ఈ చిక్కును విప్పుటకు చలిదేశముల చరిత్రను కొంచెము చూడవలెను. అక్కడివారికి మన చెట్లన్న వింత. లండను సమీపముననున్న క్యూ ఉద్యానమునందు 1844-48 సంవత్సరముల నడుమ ఇనుముతోను గాజుపలకలతోను ఒక పెద్ద మందిరమును కట్టి, తాటి, కొబ్బరి జాతుల చెట్లను అందులో పెంచిరి. మన కాలమున జర్మనీదేశములో ఇంతకంటె విచిత్రమైన పని జరిగినది. బెర్లిను నగరమునకు దక్షిణముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున, ఆకాశనౌకలను నిర్మించుటకై కట్టిన బ్రహ్మాండమైన శాల యొకటి కలదు. దాని పొడవు 360 మీటర్లు, వెడల్పు 210 మీటర్లు, ఎత్తు 107 మీటర్లు. ఆ నౌకలను కట్టదలచిన సంస్థ 2002లో దివాలా తీసినది. తరువాత వేరొకరు ఆ శాలలో ఇసుక పోసి, కొలనులు కట్టి, వేడిదేశముల చెట్లు నాటి, 2004 డిసెంబరులో ‘ట్రాపికల్ ఐలాండ్స్’ అను పేర విహారస్థలముగా తెరచిరి. బయట మంచు కురియుచుండగా జనులు లోపల ఇసుకపై పండుకొని వెచ్చగా నుందురు.

అక్కడివారు డబ్బిచ్చి కొనునది వెచ్చదనము. అది మనకు అడుగకయే, కావలసినదానికంటె ఎక్కువగా, ఉచితముగా లభించుచున్నది. వేసవిలో మన నల్లరేగడి చేలపై 40 డిగ్రీలు దాటుట మామూలు. అందుచేత మనము కొనవలసినవి వేరు. అవి మూడు: నీడ, నీరు, తీరిక. విహారస్థలములవారి ప్రకటనలలో ఎండకు ఒడ్డిన శరీరముతో కొలను ప్రక్కన పండుకొన్న మనుష్యుల బొమ్మలు చలిదేశపు కోరికకు గుర్తులు. వాటిని చూచి మనమును అట్లే మధ్యాహ్నపుటెండలో కొలను చుట్టు తిరిగినచో, మనకు అక్కరలేనిదానిని కొనుక్కొని, కావలసినదానిని విడిచిపెట్టినవారమగుదుము. ఈ ఒక్క సంగతి మనసులో నుంచుకొన్నచో తక్కిన ఏర్పాట్లన్నియు తేలికగా తెలియును.

ఇది మాకు తెలియక జరిగిన పొరపాటును చెప్పుకొనుటకు సిగ్గుపడము. కొన్నేండ్ల క్రిందట మే నెలలో ఇంటిల్లిపాదిమి ఒక విహారస్థలమునకు పోయితిమి. ఒక రాత్రికి మాత్రమే గది తీసికొంటిమి. ఎట్లును పోవుచున్నాము గదాయని దారిలో నాలుగు క్షేత్రములను చేర్చుకొంటిమి. మూడవచోట వరుసలో నిలువబడియుండగా మా అవ్వ కన్నులు తిరిగి కూలబడినది. నీళ్ళు చల్లి, నీడకు చేర్చి, గంటసేపటికి తేరుకొన్న పిదప ఆమెను తీసికొని విడిదికి చేరునప్పటికి మధ్యాహ్నము మూడు గంటలైనది. పిల్లలు అప్పుడే కొలనులో దిగవలెనని పరుగెత్తిరి. గట్టు పలకలు పెనమువలె కాలియున్నవి. చిన్నవాని అరికాళ్ళు బొబ్బలెక్కినవి. రాత్రి అందరమును ఒడలు తెలియక పడియుంటిమి. మరునాడు పది గంటలకు గది ఖాళీ చేయవలసివచ్చినది. తప్పు ఆ స్థలముది కాదు; మా లెక్కది. అవ్వను తీసికొని పోయినది ఆమెకు కొంచెము హాయి కలుగుననియే. ఆ హాయికి బదులు ఆమె ప్రాణముమీదికి తెచ్చితిమి.

ఆ లెక్క ఎట్లు తప్పినదో చూడుడు. ‘ఒక రాత్రి, రెండు పగళ్ళు’ అని ప్రకటనలో వ్రాయుదురు. మధ్యాహ్నము 12 గంటలకు గది ఇచ్చి మరునాడు 10 గంటలకు తీసికొన్నచో మనకు దక్కునది 22 గంటలు. ఇందులో నిద్రకు 8 గంటలు, భోజనములకు, స్నానములకు, మూటలు విప్పి కట్టుటకు 5 గంటలు తీసివేయుడు. మిగిలినది 9 గంటలు. అందు సగము మండుటెండ వేళ. ప్రొద్దు పొడుచువేళ ఒక్కటి, ప్రొద్దు గ్రుంకువేళ ఒక్కటి మాత్రమే చేతికి వచ్చును. రెండు రాత్రులుండినచో అదే స్థలములో ఉదయములు రెండు, సాయంకాలములు రెండు, వాటినడుమ ఎక్కడికిని పరుగెత్తనక్కరలేని నిండు దినమొకటి లభించును. రాకపోకల ఖర్చు ఒక రాత్రికైనను రెండు రాత్రులకైనను ఒక్కటే. కావున సొమ్ము పరిమితముగా నున్నచో స్థలములను తగ్గించుడు, రాత్రిని తగ్గింపకుడు. రెండు రాత్రులకు చాలనిచో ఖరీదైన కుటీరమునకు బదులు సామాన్యమైన గదిని తీసికొనుట మేలు. గదిలో నుండుట నిద్రపోవునప్పుడే గదా.

ఇక మూడింటిలో మొదటిదగు నీడను గూర్చి చెప్పవలెను. నీడలన్నియు ఒక్కటి కావు. రేకుల కప్పు ఎండను తాను త్రాగి, వేడియై, ఆ వేడిని క్రిందికి చిమ్మును. చెట్టు అట్లు చేయదు. వేళ్ళు తెచ్చిన నీటిని ఆకులు తమ సన్నని రంధ్రములగుండ ఆవిరిగా విడిచిపెట్టును. నీరు ఆవిరియగుటకు వేడి కావలెను. ఆ వేడిని ఆకునుండి తీసికొనిపోవును. కూజాలోని నీరు చల్లబడుటకు ఏది కారణమో చెట్టునీడ చల్లబడుటకును కొంతవరకు అదియే కారణము. అరటి ఆకు అంత వెడల్పుగా నుండుటవలన అరటితోటలో ఈ పని మిక్కిలి జోరుగా సాగును. అయితే చెట్టు వేళ్ళకు నీరందినంత కాలమే ఇది. కావున గది కోరునప్పుడు, చల్లని యంత్రమున్నదా యని అడుగుటతోబాటు, గది ముందర పెద్దచెట్టున్నదా, అరుగు తూర్పుముఖమా పడమటిముఖమా యని కూడ అడుగవలెను. పడమటి అరుగు సాయంకాలము ఆరు గంటలవరకు కూర్చుండుటకు పనికిరాదు. కొబ్బరిచెట్టు క్రింద మాత్రము పడక వేయరాదు. కాచు చెట్టు నెలకు సుమారొక మట్ట చొప్పున వేయును; మట్ట మట్టకును ఒక గెల వచ్చును. అందుచేత దానిపై ఎల్లవేళల ముదిరిన కాయలుండును, ఎండిన మట్టలుండును. ఎప్పుడు ఏది రాలునో చెట్టునకే తెలియదు.

మిడుతూరువారికి ఇట్టి బస దొరకు తావులలో మూడింటిని చెప్పుదుము. మొదటిది మహానంది. నంద్యాలనుండి సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల పాదమున నున్నది. దానిని ఎవరును రిసార్టని పిలువరు. కాని పైన చెప్పిన నీడయు నీరును అక్కడ ఉన్నంతగా పెక్కు ఖరీదైన స్థలములలో లేవు. ఆలయములోని కోనేటికి నీరు ఊటగా వచ్చును. అడుగున పడిన నాణెము కనబడునంత తేటగా నుండును. వచ్చిన నీరు వచ్చినట్లే తూముల వెంట బయటికి పోవుచుండుటచే కోనేటి లోతు ఒక్కతీరుగా నిలుచును. బయటికి పోయిన నీటితో చుట్టుప్రక్కల అరటితోటలు, వరిమళ్ళు పండుచున్నవి. ఆ నీరు వేసవిలో చల్లగాను చలికాలములో వెచ్చగాను ఉండుట చూచి అందరును ఆశ్చర్యపడుదురు. కొండపై కురిసిన వాన రాళ్ళ పగుళ్ళలోనికి ఇంకి భూమిలోపల చాలకాలము నిలిచి వచ్చుటవలన, ఆ నీటి వేడిమి ఏడాది పొడవున ఇంచుమించు ఒక్కటిగనే యుండును. మారునది మన చుట్టునున్న గాలి. మే నెల గాలికంటె ఆ నీరు చల్లనిది, జనవరి తెల్లవారుజాము గాలికంటె వెచ్చనిది. మహానందిలో దేవస్థానమువారి వసతిగదులు కలవు. శివరాత్రికిని కార్తిక సోమవారములకును జనసమ్మర్దము మిక్కుటము. తీరిక కోరువారు ఆ దినములను విడిచి పోవలెను.

రెండవది బైర్లూటి. ఆత్మకూరునుండి దోర్నాలకు పోవు దారిలో, అడవి అంచున, ఆంధ్రప్రదేశ్ అటవీశాఖవారు నడుపు నల్లమల జంగిల్ క్యాంపు అక్కడ నున్నది. ఇట్టిదే మరియొకటి నంద్యాల గిద్దలూరు దారిలో పచ్చర్లవద్ద నెలకొల్పిరి. బైర్లూటికి విడిది క్రొత్త కాదు. ఆ వైపునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలమునకు కాలిబాట కలదు. ఉగాదికి ముందు కన్నడదేశపు భక్తులు నేటికిని ఆ దారిన నడచి పోవుదురు. ఈ అడవి 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకములో చేరిన నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల అభయారణ్యములోనిది. ఇక్కడ ఒక సంగతి ముందే తెలిసికొనవలెను. నల్లమల ఎల్లకాలము పచ్చగా నుండు అడవి కాదు. టేకు, నల్లమద్ది, తునికి, మోదుగ, చిరుమాను మున్నగు ఆకురాల్చు చెట్లు ఇందు ఎక్కువ. వేసవి ముదిరిన కొలది పెక్కు చెట్లు నీటిని దాచుకొనుటకై ఆకులను విడిచిపెట్టును. ఏప్రిలులో పోయి ‘అడవి ఎండిపోయినదే’ యని నిరాశపడువారు, చెట్టు చేయుచున్న ఆ పొదుపును ఎరుగనివారు. పచ్చదనము కోరువారు వానలు వెనుదిరిగిన తరువాత, అక్టోబరు చివరనుండి జనవరివరకు పోవలెను. మోదుగపూవులు చూడగోరువారు ఫిబ్రవరి, మార్చి నెలలలో పోవలెను. వానకాలములో వన్యమృగముల సంతతిని కాపాడుటకై అడవిలోపలి సంచారమును ఆపుట కలదు, బయలుదేరకముందే విచారించుకొనవలెను.

మూడవది దూరపుది. డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో, రాజోలు సమీపమున, వశిష్ఠగోదావరి ఒడ్డున దిండి యను గ్రామము కలదు. పాలకొల్లు వైపునుండి వచ్చువారు చించినాడ వంతెన దాటి అక్కడికి చేరుదురు. ప్రకటనలలోని ఉష్ణమండలపు బొమ్మకు నిజమైన ప్రతిరూపము కావలెనన్నచో ఆ సీమకు పోవలెను. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థవారి విడిది దిండిలో నున్నది. దానికి కొబ్బరిసీమ పేరే పెట్టిరి. అక్కడ కొబ్బరితోట అలంకారము కాదు, జీవనము. ఆరేడు నెలల కాయ బొండముగా పనికివచ్చును. పండ్రెండు నెలల కాయ కురిడీకి, నూనెకు పోవును. ఒక్క చెట్టుమీద ఏడాది పొడవు వయస్సుగల కాయలు వరుసగా నుండును. తోటమాలి నడిగి గెలలను లెక్కించుటకు పిల్లలకు నేర్పినచో, ఒక పూట వేడుకగా గడచును.

రాయలసీమవారు కోస్తాకు పోవునప్పుడు గాలి భేదమును గుర్తెరుగవలెను. మన గాలి పొడిది. చెమట పుట్టిన వెంటనే ఆరిపోవును. ఆరుటయే ఒడలిని చల్లబరచును. గోదావరి గట్టున గాలిలో తేమ ఎక్కువగుటచే చెమట ఆరక కారిపోవును. నీడనే యుంటిమిగదా, దాహము లేదుగదాయని నీరు త్రాగక పోయినచో, పెద్దలకు, పసిపిల్లలకు సాయంకాలమునకు తలనొప్పి, వాంతి, మైకము కలుగవచ్చును. గంట గంటకు నీరు, ఉప్పు వేసిన మజ్జిగ, బొండము ఇచ్చుచుండవలెను. వృద్ధులు మాటలు తడబడుచున్నను, ఒడలు కాలుచున్నను, తెలివి తప్పుచున్నను, అది వట్టి అలసటయని పండుకొనబెట్టరాదు. తడిబట్టతో ఒడలిని తుడుచుచు, విసరుచు, వెంటనే వైద్యునికడకు చేర్చవలెను. ఆనాడు మా అవ్వ విషయములో మేము గుర్తింపవలసినది ఇదియే.

నీరు హాయినిచ్చును, ప్రాణమును కూడ తీయగలదు. నీట మునుగు పిల్లవాడు కేకలు వేయునని పెక్కుమంది తలంతురు. అది పొరపాటు. ఊపిరికే అవకాశము లేనివానికి కేక ఎక్కడిది? చప్పుడు లేకయే మునిగిపోవును. అందుచేత ఈత రాని పిల్లలు కొలనులో నున్నంతసేపు, పెద్దవారొకరు చేయి చాచిన అందునంత దగ్గర, తామును నీటిలోనే యుండవలెను. గట్టున కూర్చుండి సెల్‌ఫోను చూచుచుండుట కావలి కాదు. లోతు గుర్తులను చదివి, లోతు ఎక్కడ ఆరంభమగునో పిల్లలకు చూపవలెను. పడవ ఎక్కునప్పుడు లైఫ్ జాకెట్టును సీటు క్రింద నుంచుకొనక ఒడలిపై ధరించి, కట్లు బిగించుకొనవలెను. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరువద్ద గోదావరిలో విహారనౌక మునిగి ఎన్నో కుటుంబములు దుఃఖములో మునిగినవి. వరద గోదావరిపై వేడుక వలదు. అక్టోబరు, నవంబరు నెలలు కోస్తాకు తుపాను కాలము కూడ. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కోనసీమ తోటలను నేలమట్టము చేసినది. బయలుదేరుటకు ముందును, అక్కడ నున్నప్పుడును రేడియోలో వాతావరణ సూచనను తప్పక వినుడు. అడవిలోను ఏటిగట్టునను సెల్‌ఫోను పలుకని చోట్లుండును. అట్టిచోట చేతిరేడియో పనికివచ్చును.

దోమల మాటకూడ చెప్పవలెను. మలేరియా దోమలవలన వ్యాపించునని నిరూపించిన పరిశోధనలో ముఖ్యమైన ఘట్టము మన తెలుగునేలమీదనే జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ వ్యాధిక్రిమిని కనుగొనెను. మలేరియా దోమ రాత్రివేళ కుట్టును. డెంగీ దోమ పగటివేళ కుట్టును. కావున రాత్రికి దోమతెరయు, పగటికి నిండు చేతుల చొక్కాయు రెండును వెంట నుంచుకొనవలెను. కుటీరము చుట్టు పూలకుండీల పళ్ళెములలో నీరు నిలిచియున్నచో సిబ్బందికి చెప్పి పారబోయించుట మంచిది.

ఇప్పుడు దినచర్య. ఉష్ణమండలములో దినమును ప్రొద్దునుబట్టి విభజించుకొనవలెను. తెల్లవారుజామున లేచి, ఆరు మొదలు తొమ్మిది గంటలవరకు నడక, తోట, పక్షులు, అడవి వాహనము. మృగములు తిరుగు వేళయు అదియే. పులిని చూపుమని దారి చూపువానిని వేధింపరాదు. పులి కనబడుట అరుదు. కాని తడిమట్టిలో దాని అడుగు, కణితి భయముతో చేయు కేక, కొమ్మలపై బెట్టుడుత దుముకు, ఇవి ఓపిక గలవారికి దక్కును. పదకొండు మొదలు నాలుగువరకు నీడలో నుండవలెను. భోజనము, నిద్ర, పుస్తకము, పెద్దల కథలు. కొలనులో దిగుటకు ఉదయము తొమ్మిదికి ముందును సాయంకాలము నాలుగున్నర తరువాతను అనువైన వేళలు. చీకటి పడిన తరువాత అడవి విడిదిలో ఆవరణ దాటరాదు. 2024 జూనులో పచ్చర్లవద్ద చిరుత వాతబడి ఒక స్త్రీ మరణించినది. అది మృగముల ఊరు. మనము చుట్టపుచూపుగా పోయినవారము. చుట్టములు ఇంటివారి వేళలను మన్నింపవలెను. కేకలు, పాటల పెట్టెలు, పారవేసిన ప్లాస్టికు సంచులు అక్కడ తగవు.

నల్లమలలో ఆ ఇంటివారిలో చెంచులు కూడ నున్నారు. తేనెపట్టు దించుటలోను, గడ్డలు, వేళ్ళు గుర్తించుటలోను వారికున్న నేర్పు గ్రంథములలో దొరకునది కాదు. చెంచు యువకుడు దారి చూపుటకు వచ్చినచో ఆతనిని పేరడిగి, ‘అన్నా’ యని పిలిచి, రెండు మాటలు అడుగుడు. ఏ చెట్టు ఎందుకు పనికివచ్చునో, ఏ అడుగు ఏ మృగముదో ఆతడు చెప్పగలడు. ఆతని అనుమతి లేక ఆతని గుడిసెను, పిల్లలను ఫొటోలు తీయకుడు. విడిదిలో వంట చేయువారు, గదులూడ్చువారు సాధారణముగా ఆ ప్రక్క గ్రామములవారే. వారితో స్నేహముగా నుండువారికి పట్టికలో లేని ఊరివంట ఒకటి ఎప్పుడో ఒకప్పుడు వడ్డన కాకపోదు.

సొమ్ము చెల్లించుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసికొనుట మేలు. ధర గదికా, మనిషికా? పిల్లలకు ఎంత? పన్ను కలిపియా, వేరా? భోజనములు అందులో చేరినవా? గది ఏ వేళ ఇచ్చి ఏ వేళ తీసికొందురు? కొలను ఏ వేళలందు తెరచియుండును, కావలివాడు కలడా? విద్యుత్తు పోయినచో ఏర్పాటేమి? దగ్గరి వైద్యశాల ఎంత దూరము? ప్రయాణము మానుకొనినచో ఎంత తిరిగి ఇత్తురు? అడవిదారిలో రాత్రివేళ రాకపోకలను ఆపు గేట్లు కలవా? ఈ ప్రశ్నలకు జవాబులు నోటిమాటగా కాక వ్రాతమూలముగా తీసికొన్నవారికి తరువాత తగవులుండవు. ఇంటినుండి బొరుగులు, వేరుసెనగ ఉండలు, నాలుగు జొన్నరొట్టెలు మూట కట్టుకొన్నచో దారిలో అకాల భోజనమునకై ఆగనక్కరలేదు. వృద్ధుల మందులు రెండు దినములకు కాక నాలుగు దినములకు సరిపడునట్లు తీసికొనవలెను.

తరువాత ఒక సంక్రాంతి సెలవులలో మేము మరల బయలుదేరితిమి. ఈసారి మహానంది ఒక్కటియే. రెండు రాత్రులు. ఉదయమున వెచ్చని నీటిలో స్నానము, దర్శనము, మధ్యాహ్నము చెట్టునీడ, సాయంకాలము అరటితోటల వెంట కాలువగట్టున నడక. పిల్లలు నీరు ఏ తూమునుండి వచ్చి ఏ మడికి పోవుచున్నదో చూచుచు రెండు పూటలు గడపిరి. అవ్వ చెట్టు మొదట దుప్పటి పరచుకొని, ప్రక్కనున్న ఏ ఊరివారితోనో వరుసలు కలుపుకొనుచు కూర్చుండెను. మొదటి ప్రయాణమునకైన ఖర్చులో సగము కూడ కాలేదు.

ఊరికి వచ్చిన తరువాత ఇరుగుపొరుగువారు, ‘ఏమేమి చూసొచ్చినావవ్వా?’ అని అడిగిరి. ‘ఏం చూడల్యా నాయనా, సల్లగా కూచోని వచ్చినా’ అని అవ్వ చెప్పినది.